ఆగవే జూనో

హామర్టన్, ఇండియానా
జూన్ 12, 1924

నాన్నా,

మార్చిలో నువ్వు రాసిన కార్డుకి ఇప్పటికి జవాబు రాస్తున్నాను. నీ కార్డులో నాలుగే ముక్కలున్నాయి. వాన పడింది, కొట్టు కప్పు కారింది, పక్కింటి మిసెస్ రకెల్ నన్ను అడిగానని చెప్పమంది, ఒంట్లో బాగానే ఉంది. ఐదేళ్ళుగా మన ఉత్తరాలు ఇలాగే నడుస్తున్నాయి. ఇందులో తప్పెవరిదో నాకు తెలుసు, నీకూ తెలుసు, ఆ సంగతి ఇవాళ వద్దు. ఇవాళ పొద్దున నేను చూసిన వింత ఎవరో ఒకరికి చెప్పకపోతే ఊపిరాడేట్టు లేదు. చెప్పాలి అనుకోగానే మొదట నువ్వే గుర్తొచ్చావు.

మా బ్యాండు రికార్డు ఇచ్చింది నాన్నా.

తలుపులూ కిటికీలూ చేసే ఒక కార్ఖానా వెనక, రైలు కట్ట పక్కన, ఒక గది. గోడల నిండా పాత తివాచీలూ గోనెపట్టాలూ వేలాడదీశారు. జూన్ నెలలో లోపల పొయ్యి మండుతోంది, ఎందుకంటే మైనం మెత్తగా ఉండాలిట. ఒక గోడకి కంత, ఆ కంతలోంచి పెద్ద గొట్టం, ఉమ్మెత్తపువ్వులా నోరు తెరుచుకుని మనవైపు చూస్తూ ఉంటుంది. గోడకి అవతల ఇద్దరు మనుషులు మైనపు పళ్ళెం మీద సూది పెట్టి కూర్చుంటారు. మేం వాయించేదంతా ఆ గొట్టంలోకి పోయి, సూదిని వణికించి, మైనం మీద గీతలుగా పడుతుంది. ఉన్నదంతా ఇంతే. మంత్రం లేదు, తంత్రం లేదు.

మమ్మల్ని నిలబెట్టిన తీరు చూస్తే నువ్వు పడీపడీ నవ్వేవాడివి. ట్యూబా అనే పెద్ద బాకా వాయించే అతన్ని మూలకి పంపి గోడవైపు తిప్పారు. కార్నెట్ అనే చిన్న బాకా ఊదేవాడు గది గుమ్మం అవతల, నడవాలో. పెద్ద డోలు అసలు వద్దన్నారు, అది మోగితే సూది ఎగిరిపడుతుందిట, చెక్కముక్కలు మాత్రం కొట్టుకోమన్నారు. నా పియానోకి వెనక పలక ఊడదీసి, నాలుగు పెట్టెల మీదికి ఎక్కించారు. దాని ఎత్తుకి సరిపోయేలా నన్నొక పొడుగు స్టూలు మీదికి ఎక్కించారు. కాళ్ళు కింద ఆనవు. మా బ్యాండు పెద్ద డెల్బర్ట్ స్టౌట్ కిందనించి చూసి, "లియోటా, పడితే పడ్డావు గానీ, శ్రుతిలో పడు తల్లీ" అన్నాడు.

మా పాటలో తొమ్మండుగురు మగాళ్ళూ ఒక్కసారిగా కేకపెట్టే చోటు ఒకటుంది. మొదటిసారి మామూలుగా డ్యాన్సు హాల్లో అరిచినట్టే అరిచారు. గోడ అవతలనించి ముసలాయన ఒకాయన పరుగున వచ్చాడు. "ఏం నాయనా, పాట పాడుతున్నారా, కొంప అంటుకుందా? నా మైనం చీరుకుపోయింది" అన్నాడు. రెండోసారి బాగా కుదిరింది. సరిగ్గా ఆఖర్న గూడ్సు బండి వచ్చి, మా అందరికంటే గట్టిగా కూసి పోయింది. అందుకని అది పనికిరాదన్నారు.

"పనికిరానిదే కదా, ఒకసారి వినిపించరూ?" అని అడిగాను నేను. ముసలాయన నావైపు చూసి సరేనన్నాడు.

నాన్నా, మేం దేంట్లోకి వాయించామో ఆ గొట్టంలోంచే మేం బయటికి వచ్చాం. సన్నగా, దూరంగా, అయినా మేమే. నా ఎడమచెయ్యి ఎప్పుడూ రవంత తొందరపడుతుందని చిన్నప్పుడు అమ్మ అనేది చూడు, ఆ తొందరపాటు కూడా అలాగే వచ్చింది. గడిచిపోయిన మూడు నిమిషాలు వెనక్కి తిరిగొచ్చి, గది మధ్య నిలబడ్డట్టనిపించింది. బ్యాండులో నోరు మూతపడని ఫిన్లీ, క్లారినెట్ వాయిస్తాడు, వాడు టోపీ తీసేసి ఛాతీకి ఆనించుకున్నాడు.

"ఇంకోసారి పెట్టండి" అన్నాడు డెల్బర్ట్ గొంతు తగ్గించి.

"ఇంకోసారి ఉండదయ్యా. మైనం మీద సూది వెళ్ళిందంటే గీతలు చెరిగిపోతాయి. మీరు విన్నదే ఆఖరు" అన్నాడు ముసలాయన.

తర్వాత మూడోసారి వాయించింది బాగా వచ్చింది. అదే రికార్డుగా అచ్చవుతుంది. కానీ నా మనసు ఆ చెరిగిపోయిన మైనం దగ్గరే ఉండిపోయింది. అమ్మ గొంతు ఏ మైనం మీదా లేదు కదా నాన్నా. ఒక్క మూడు నిమిషాలైనా లేదు.

అన్నట్టు, ఆ పాట నవ్వులాట పాట. వరసా నాదే, మాటలూ నావే. రికార్డు మీద నా పేరు వేస్తారట. అది దేన్ని గురించిన పాటో మరోసారి రాస్తాను. ఇవాళ సంతోషంగా ఉన్నాను, చెడగొట్టుకోను.

కొట్టు కప్పు బాగుచేయించుకో.

లియోటా


లేక్ మనోవా, ఇండియానా
ఆగస్టు 25, 1924

నాన్నా,

ఈ ఉత్తరం తాపీగా కూర్చుని చదువు. కొట్లో ఎవరైనా ఉంటే జేబులో పెట్టుకుని, వాళ్ళు వెళ్ళాక తియ్యి.

మా పాట దేశం మీద పడింది. గొప్పకి అనడం లేదు, నాకే నమ్మబుద్ధి కావడం లేదు. పోయిన నెల మేం రైల్లో వస్తుంటే, బండి ప్రతి స్టేషన్లో ఆగేటప్పుడల్లా వెనక పెట్టెలోని జనం "ఆగవే జూనో!" అని కేకలు. టిక్కెట్లు చూసేవాడు కూడా గొంతు కలిపాడు. నేను రాసిందని వాడికి తెలీదు. వాడు నాకే నేర్పించబోయాడు. "ఇలా కాదమ్మాయ్, 'జూ' అన్నచోట దీర్ఘం తియ్యాలి" అన్నాడు. పన్ను పీకించుకోడానికి వెళితే ఆ డాక్టరు ఈలవేస్తున్నది అదే. ఒక ఊళ్ళో కోర్టులో ముద్దాయి అతివేగంగా కారు తోలాడని కేసు నడుస్తుంటే, జడ్జిగారు "మరి ఆగవే జూనో అనకపోయావా?" అన్నాడట, పేపర్లో పడింది.

నిన్న ఆదివారం మధ్యాహ్నం ఇక్కడ జరిగింది చెబుతాను. ఈ సరస్సు మీద నీళ్ళలో గుంజలు పాతి డ్యాన్సు మంటపం కట్టారు. చుట్టూ గోడల్లేవు. ఎటు చూసినా ఎండలో మెరిసే నీళ్ళే. పదకొండు వందలమంది వచ్చారు. బళ్ళలో, కార్లలో, పడవల్లో. పాట మొదలెట్టాం. ట్యూబా కారులా గుర్రుమంటుంది, చెక్కముక్కలు గుర్రపు డెక్కల్లా టకటకమంటాయి. డెల్బర్ట్ ముందుకొచ్చి పాడతాడు.

గడ్డి పెడితే వాసన చూడదు,
పగ్గం లాగితే మెడ తిప్పదు,
పొమ్మంటే పోతుంది, బాగానే ఉంది,
ఆగమంటే మాత్రం వినపడదు!

అప్పుడు ట్రాంబోన్ బాకా కొండమీదినించి జారినట్టు కిందికి, కిందికి దిగుతుంది. దిగి ఆగిపోతుంది. ఒక్క తాళం దెబ్బ వ్యవధి ఎవరూ ఏమీ వాయించం. నిన్న ఆ క్షణంలో పదకొండు వందలమంది, జంటలు జంటలుగా, అడుగెత్తినవాళ్ళు ఎత్తినట్టే నిలబడిపోయారు. గుంజలకి నీళ్ళు కొట్టుకునే చప్పుడు వినబడింది. ఆ తర్వాత అందరూ ఒకే నోటితో "ఆగవే జూనో! ఆగవే తల్లీ!"

నేల అదిరింది నాన్నా. నా స్టూలు అదిరింది. అవతలి ఒడ్డున రెల్లులో ఉన్న పక్షులు గుంపుగా లేచి ఆకాశంలోకి పోయాయి. నా చేతులు పియానో మెట్ల మీదే ఆగిపోయాయి, వాయించాల్సింది వాయించలేదు. చర్చిలో అందరూ కలిసి పాడినప్పుడు కూడా నాకు ఒళ్ళు అలా జలదరించలేదు. ఒకరికొకరు తెలియని అంతమంది నోటినించి ఒకే మాట వస్తుంటే, ఆ మాట నాది అనిపించలేదు. అది నాది కాదు కూడా.

పాటయ్యాక ముసలి రైతు ఒకాయన పియానో దగ్గరికి వచ్చాడు. తెల్లమీసాలు, ఆదివారం కోటు, చెమటతో మెడకి అంటుకున్న కాలరు.

"అమ్మాయ్, ఈ పాట కట్టినాయన ఎవరు?"

"నేనేనండీ."

"నువ్వా!" అని నన్ను పైనించి కిందికి చూశాడు. "నీకెలా తెలుసమ్మా? మొదటిరోజు కారెక్కినప్పుడు నేనూ ఇదే అన్నాను. నలభై ఏళ్ళు గుర్రాన్ని తోలిన నోరు కదా, ఇంకేం మాటొస్తుంది? మా ఆవిడక్కూడా ఇంతవరకూ చెప్పలా, సిగ్గేసి." అని కళ్ళు తుడుచుకున్నాడు, నవ్వీ నవ్వీ వచ్చిన నీళ్ళో, ఇంకేవో. వెళ్ళబోతూ ఆగి, "ఆ పాటలో మనిషి మంచోడమ్మా. చూడు, అది గోతిలో పడేస్తున్నా ఒక్క తిట్టు తిట్టడు. తల్లీ, తల్లీ అని బతిమాలుతాడు. నేనైతే బండబూతులు తిట్టాను" అన్నాడు.

ఇప్పుడు చెప్పేస్తాను నాన్నా. ఇంక దాచి లాభం లేదు.

జూనో ఎవరో నీకు చెప్పక్కర్లేదు. పద్నాలుగేళ్ళు మన బండి లాగిన గుర్రం. ఆ పాటలో మనిషివి నువ్వే.

1919 వేసవిలో నేను సిన్సినాటిలో సంగీతం చదువుకుంటున్నాను. అమ్మకి నలతగా ఉందని మాత్రం నువ్వు రాసేవాడివి. మిగతాదంతా మిసెస్ రకెల్ రాసింది. నువ్వు జూనోని అమ్మేసి కారు కొన్నావని. ఊరందరికీ జీనులూ కళ్ళేలూ కుట్టే మనిషివి కారు కొనడం ఏమిటని ఊరు ముక్కున వేలేసుకుందని. అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని, స్టీరింగు చక్రాన్ని పగ్గంలా గుండెకేసి లాక్కుంటూ "ఆగవే జూనో" అని అరుస్తూ మొదటివారం కాలవగట్టు గోతిలో, రెండోవారం గడ్డివాములో, మూడోవారం ఆవిడ కోళ్ళగూట్లో పడేశావని. సెప్టెంబరులో అమ్మ పోయింది. కడుపులో గడ్డ ఉందని నాకు ఆ తర్వాతగానీ తెలీలేదు.

అంత్యక్రియలనాడు వంటింట్లో నేను నిన్నన్న మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "లేవలేని మనిషిని ఆ యంత్రంలో కుదేసి గోతుల్లో పడేశావు. అమ్మని నువ్వే చంపావు" అన్నాను. నువ్వు చేతిలో ఉన్న గిన్నె తుడవడం పూర్తిచేసి, బీరువాలో పెట్టి, పెరట్లోకి వెళ్ళిపోయావు. నీ దగ్గర జవాబు లేదు కాబట్టే వెళ్ళావనుకున్నాను.

ఆ పాట ప్రేమతో కట్టింది కాదు నాన్నా. ఇది చెప్పడం అన్నిటికంటే కష్టంగా ఉంది. రెండేళ్ళ కిందట చలికాలం, అద్దెగదిలో కూర్చుని, నిన్ను తలుచుకుని పళ్ళు నూరుకుంటూ కట్టాను. లోకమంతా నిన్ను చూసి నవ్వాలని కట్టాను. చేతకాని పెద్దమనిషి, గుర్రానికీ కారుకీ తేడా తెలియని వెర్రివాడు, అలా అనుకునే కట్టాను. మరి ఆ "తల్లీ" అన్నమాట ఎక్కణ్ణించి వచ్చిందో, ఒక్క తిట్టూ ఎందుకు పడలేదో నాకే తెలీదు. కోపంగా రాసినా కలం నీ గొంతునే రాసింది కాబోలు. అది గమనించడానికి నాకు రెండేళ్ళూ, ఎవరో తెలియని రైతూ కావలసివచ్చింది.

నిన్న మన ఆల్డర్ క్రీక్ మనిషి కూడా ఒకడు జనంలో కనబడ్డాడు. "ఇది మన ఆమోస్ ప్రిండల్ పాటే కదా!" అని పక్కవాళ్ళకి చెప్పి విరగబడి నవ్వుతున్నాడు. ఇంక అది ఆగదు. ఊళ్ళో నువ్వు తలెత్తుకుని ఎలా తిరుగుతావని నాకు నిద్ర పట్టలేదు.

ఇవాళ పొద్దున డెల్బర్ట్‌కి చెప్పేశాను, ఇకమీద ఆ పాట వాయించనని.

"వాయించవా! పిల్లా, నీకు ఎండదెబ్బ తగిలిందా? వచ్చేనెల రాష్ట్రం సంతకి మనల్ని పిలిచింది దానికోసమే. అది లేకుండా వెళితే జనం మనల్ని కూరగాయలతో కొడతారు" అన్నాడు. నేను కారణం చెప్పాను. చివరిదాకా విన్నాడు. తర్వాత, "సంత రోజు, తొమ్మిదో తారీకు దాకా ఆగుతాను. అప్పటికీ నీ మాట అదే అయితే, పాటా వద్దు, నువ్వూ వద్దు, వేరే పియానో చూసుకుంటాను. కోపంతో అనడం లేదు లియోటా" అన్నాడు. నిజంగానే కోపం లేదు ఆయనకి.

బ్యాండు వదిలేయడానికి సిద్ధంగానే ఉన్నాను. క్షమించమని అడిగే మొహం నాకు లేదు. ఆపెయ్యి అని ఒక్క మాట రాయి, చాలు.

లియోటా


ఆల్డర్ క్రీక్
సెప్టెంబరు 3, 1924

చిట్టితల్లి లియోటాకి,

నీ ఉత్తరం గురువారం అందింది. నువ్వు చెప్పినట్టే కొట్లో మనుషులు వెళ్ళేదాకా జేబులో పెట్టుకున్నాను. నాకు ఉత్తరాలు రాయడం రాదు. సూదీ దారం పట్టిన చెయ్యి. ఇది నాలుగు మధ్యాహ్నాలు కూర్చుని రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకో.

పాట సంగతి నాకు జూలైలోనే తెలుసు. హోబర్ట్ కొట్లో మంచాలూ కుర్చీలూ శవపేటికలూ అమ్ముతాడు కదా, ఇప్పుడు పాటల పెట్టెలు కూడా పెట్టాడు. ఒకరోజు వాకిట్లో నిలబడి వీధంతా వినబడేట్టు, "ఆమోస్! ఓయ్ ఆమోస్! నీ కారు మీద పాటొచ్చిందిరోయ్!" అని కేకేశాడు. వెళ్ళాను. బెంచీ మీద నలుగురు కూర్చుని నా మొహం కేసి చూస్తున్నారు, ఎప్పుడు మండిపడతానా అని. హోబర్ట్ రికార్డు చేతికిచ్చి, "ఈ ప్రిండల్ ఎవరో చూడు" అన్నాడు. నీ పేరు చదివాను. నా కూతురి పేరు అచ్చులో ఉంది, బంగారు అక్షరాల్లో. వేలితో తడిమి చూశాను.

నాలుగుసార్లు పెట్టించుకున్నాను. రెండోసారికి బెంచీ మీదివాళ్ళు నవ్వడం మానేశారు. నాలుగోసారికి హోబర్ట్ కుర్చీ తెచ్చి వేశాడు.

ఇప్పుడు నీకొకటి చెప్పాలి. చెప్పనని మీ అమ్మ వీనీకి మాటిచ్చాను. ఐదేళ్ళు నిలబెట్టుకున్నాను. ఇప్పుడు తప్పినా వీనీ ఏమనుకోదులే అనిపిస్తోంది. నువ్వు బ్యాండు వదిలేస్తానన్నావని తెలిస్తే తనే ముందు చెప్పమని తోసేది.

ఆ ఏడు ఏప్రిల్లోనే డాక్టరు చెప్పేశాడు, ఆకులు రాలేదాకా ఉంటే గొప్పని. ఇంటికొచ్చాక వీనీ మొదట అన్నమాట, "పిల్లకి తెలిస్తే చదువు మానేసి వచ్చేస్తుంది. చెప్పకు. నేను పోయాకా చెప్పకు, దాచానని బాధపడుతుంది. నలతని రాయి." సరేనన్నాను. ఆ తర్వాత మాట్లాడ్డమే తగ్గించేసింది. కిటికీ దగ్గర కూర్చునేది. నేనేం చెప్పినా ఊఁ అనేది. నవ్వు అనేది ఇంట్లోంచి పోయింది. ఇరవైయారేళ్ళు కాపురం చేశాం, మీ అమ్మ నవ్వకుండా ఒక్క పూట గడవలేదు, అది నీకూ తెలుసు.

ఎప్పుడో ఒకసారి తనకి కారులో ఏటి గట్టుదాకా వెళ్ళి రావాలని ఉందంది. అందుకని జూనోని అమ్మేసి కారు తెచ్చాను. జూనోని తీసుకెళ్ళినవాడు మంచివాడు, దాన్ని బాగా చూసుకున్నాడు.

మొదటి ఆదివారం నిజంగానే చేతకాక పడ్డాను. రకెల్ వాళ్ళ సందు దగ్గర ఆవు అడ్డొచ్చింది. బ్రేకు ఉందని మర్చేపోయాను. చక్రం రెండుచేతులా లాక్కుని, ఆగవే జూనో, ఆగవే తల్లీ అని అరిచాను. అది తాపీగా వెళ్ళి గోతిలో కూర్చుంది. దెబ్బలేం తగల్లేదు. తిరిగి చూస్తే మీ అమ్మ తల వంచుకుని ఉంది, భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. నా ప్రాణం పోయినంత పనైంది. "వీనీ, వీనీ" అన్నాను. తలెత్తింది. నవ్వుతోంది. మాట రానంత నవ్వు. టోపీ జారిపోయింది, జడపిన్నులు ఊడిపోయాయి. చాలాసేపటికి, "ఆమోస్, అది జూనో కాదయ్యా" అంది. మళ్ళీ నవ్వు. ఏప్రిల్ తర్వాత అదే మొదటిసారి. ఆ రోజు అన్నం తిన్నది, పాటలు కూడా కూనిరాగం తీసింది.

నాకు భయమేసి డాక్టర్ని అడిగాను, ఈ కుదుపులకి ఏమైనా అవుతుందా అని. "ఈ జబ్బు కారుతో వచ్చింది కాదు, కారుతో ఎక్కువయ్యేదీ కాదు. ఆవిడ నవ్విందన్నావే, నా మందులు ఆ పని చెయ్యలేవు" అన్నాడు. తర్వాత వారమంతా మన పచ్చికబయల్లో ఒక్కణ్ణీ కారు తోలి నేర్చుకున్నాను. ఎంత బాగా వచ్చిందంటే, గుడ్డు పెట్టి దానికి జానెడు దూరంలో ఆపగలను. రెండో ఆదివారం గడ్డివాము నేను ఎంచుకున్నదే. మెత్తగా ఉండేది చూసుకున్నాను. చక్రం గుండెకేసి లాక్కుని అరిచాను. మీ అమ్మ ఒళ్ళంతా గడ్డి, నవ్వు. ఊళ్ళోవాళ్ళు పరిగెత్తుకొచ్చి నన్ను తిట్టారు. తిట్టనిచ్చాను.

మూడోవారం కోళ్ళగూడు. అది పాతది, కోళ్ళు లేవు, అప్పటికే సగం పడిపోయింది. ఆ వాలు మీద రెండుసార్లు నడిచి చూసి వచ్చాను. నేను వీనీని మభ్యపెడుతున్నాననే అనుకుంటూ ఉన్నాను. సందు మలుపు తిరిగానో లేదో, మీ అమ్మ నా మోచెయ్యి మీద చెయ్యి వేసి, రోడ్డు మీదినించి చూపు తిప్పకుండా, "గూడు ఎడమపక్క ఉంది ఆమోస్" అంది.

అప్పటికే తనకి తెలుసు. ఎప్పణ్ణించి తెలుసో నేను అడగలేదు. ఆ రోజు ఇద్దరం కలిసి అరిచాం.

అదే ఆఖరు. తర్వాత తను కూర్చోలేకపోయింది. ఆ గూడు నేనే మళ్ళీ కట్టించి ఇచ్చాను. ఊరు నన్ను చూసి నవ్విన మాట నిజమే. మూడు వారాలు నవ్వారు. అలా వాళ్ళు ముప్ఫైయేళ్ళు నవ్వితే నాకు ఇంకో మూడు వారాలు దొరికేట్టయితే, నేనే వీధిలో నిలబడి నవ్వండి అనేవాణ్ణి.

వంటింట్లో నువ్వన్న మాట తగల్లేదని చెప్పను. తగిలింది. జవాబు నా నోట్లోనే ఉంది. కానీ అది మీ అమ్మ మాట, నాది కాదు. గిన్నె బీరువాలో పెట్టి బయటికి వెళ్ళాను, లేకపోతే నోరు జారేవాణ్ణి. నువ్వు దానికోసం ఐదేళ్ళు కుమిలిపోతావని అనుకోలేదు. నాకే తెలివి తక్కువ. ముందే చెప్పాల్సింది.

నువ్వు ఆ సరస్సు సంగతి రాశావే, పదకొండు వందలమంది ఒక్కసారి అరిచారని, పక్షులు లేచిపోయాయని. ఆ ఒక్కచోటే పదిసార్లు చదివాను. ఒక్క మనిషి నవ్వితే చాలనుకుని అరిచిన అరుపది. ఇప్పుడు ముక్కూమొహం తెలియనివాళ్ళు, రైళ్ళలో, కోర్టుల్లో, నీళ్ళమీద. జీను కుడుతూ కుడుతూ సూది ఆపేసి కూర్చుండిపోతున్నాను. ఇది ఎంత పెద్ద సంగతో నా బుర్రకి అందడం లేదు తల్లీ.

అందుకని ఆపకు. డెల్బర్ట్‌గారికి నా నమస్కారం చెప్పు. సంతకి పొద్దున రైలుబండికి నేనూ వస్తున్నాను. మిసెస్ రకెల్ కూడా వస్తానంటోంది, కోళ్ళగూడు తనది కాబట్టి తనకి హక్కుందట. పాటలో దాని ఊసెక్కడా లేదని చెప్పాను, అయినా వినదు.

పాట మీద నాకు కోపం లేదు గానీ ఒకే ఒక్క అభ్యంతరం ఉంది. మూడో చరణంలో భార్యని వెనక సీట్లో కూర్చోబెట్టావు, కళ్ళు గట్టిగా మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటోందని రాశావు. అలా కాదు. వీనీ ముందే కూర్చుంది, నా పక్కన. కళ్ళు తెరుచుకునే ఉంది, మూడుసార్లూ. అది సరిచెయ్యి.

నాన్న
ఆమోస్ ప్రిండల్